మంచం కింద హ్యాండిల్

ధవళేశ్వరం
8-5-97

తమ్ముడు లోవరాజుకి,

మూడు రోజుల నుంచి వడగాలి. పొద్దున్న తొమ్మిది దాటితే గట్టు మీద కాలు పెట్టలేకపోతున్నాం. కాలువ అడుగు పగుళ్ళిచ్చింది. పూడిక తీసేవాళ్ళు తెల్లారకుండానే దిగి, ఎండెక్కేలోపు తట్టలు సర్దుకుని వెళ్ళిపోతున్నారు. నేను ఇవాళ యాభై కాయలు కొట్టించి ఆవకాయ కలిపాను. మీ ఇద్దరికీ ఒక జాడీ విడిగా తీశాను. వేళకి రాకపోతే అది బుల్లియ్య ఇంటికి వెళ్ళిపోతుంది.

ఖాట్మండు నుంచి నువ్వు రాసిన కార్డు అందింది. కోసీ నది బ్యారేజీకి యాభై ఆరు గేట్లేనని, మీ బావ రెండుసార్లు లెక్కపెట్టి, మాకు నూట డెబ్బై ఐదండి అని అక్కడి కాపలావాడికి చెప్పి వచ్చారని రాశావు. గుడికి వెళ్ళారా లేదా అన్నది మాత్రం కార్డులో లేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఒక తూముకి లస్కరుగా ఉండి, దాన్ని ఎత్తడం, దించడం తప్ప వేరే పని ఎరగని మనిషిని నీ అంబాసిడర్లో దేశం దాటించావు. అక్కడికి వెళ్ళి కూడా ఆయన గేట్లే చూస్తున్నారు. బాగుంది.

ఇప్పుడు అసలు సంగతి. జూన్ పన్నెండున కాలువలకి నీళ్ళు వదులుతారని సెక్షనాఫీసులో చెప్పుకుంటున్నారు. ఆ నెలాఖరుకే మీ బావ రిటైరు. అంటే ఈసారి ఎత్తేదే ఆయన చేతి మీదుగా ఆఖరిది. ఆయన లేకపోతే, ఆయన చోటికి వచ్చే బుల్లియ్య ఎత్తుతాడు. వాడు మంచివాడే. కానీ ఆఖరిసారి తూము వేరేవాడు ఎత్తాడన్న మాట నేను జన్మంతా వినాలి. కాబట్టి ఈ నెలాఖరుకల్లా ఆయన్ని ఇంటికి చేర్చు.

హ్యాండిల్ మంచం కింద గోనెసంచిలో భద్రంగా ఉంది. కాలువలు కట్టేసిన రోజునే దాన్ని ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడం ఆయన పద్ధతి కదా. తూముకి వదిలేస్తే దారిన పోయేవాడు ఎవడో తిప్పేస్తాడని భయం. నీ కారులో వెనక సీటంతా ఖాళీగా ఉన్నా నన్ను ఎందుకు తీసుకెళ్ళలేదో మర్చిపోలేదుగా. "హ్యాండిల్ దగ్గర ఎవరుంటారు?" అన్నారు. ఆ ఇనప ముక్కకి కాపలాగా నేనున్నాను.

నువ్వు చెప్పినట్టే గోరఖ్‌పూర్ రైల్వేలో ఉన్న నీ స్నేహితుడు అబ్రహాము అడ్రసుకి రాస్తున్నాను. ఎక్కడున్నారో రాయి.

అక్క
వెంకటదుర్గ


బేల్వా గ్రామం, నేపాల్
16-5-97

దుర్గక్కకి,

నిన్న బస్సులో సరిహద్దు బజారుకి వెళ్ళాను. అబ్రహాము గార్డుగా వచ్చే రైలు అక్కడి దాకానే వస్తుంది. నీ ఉత్తరం వాడే ఇచ్చాడు. బస్సులో ఎందుకు వెళ్ళానంటే, కారు తాళం ఈ ఊరి పెద్ద, ఇక్కడ ముఖియా అంటారు, ఆయన ఇంట్లో మేకుకి వేలాడుతోంది. కంగారు పడకు. మేమిద్దరం క్షేమం. బావ నీకంటే లావయ్యారు.

జరిగింది ఇదీ. మంగళవారం మధ్యాహ్నం ఇంటిదారి పట్టాం. ఈ ఊరి పక్కన ఒక పిల్లకాలువ ఉంది. రేడియేటర్ వేడెక్కితే కారు ఆపాను. కాలువ నిండా నీళ్ళు. దాని మీద చిన్న తూము, తూముకి హ్యాండిల్. మనిషి లేడు. బావ కారు దిగి అది చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయారు. "చూశావా, హ్యాండిల్ తూముకే వదిలేసి పోయాడు. ఎవడన్నా వచ్చి తిప్పితే ఏంటండీ పరిస్థితి?" అన్నారు. అక్కడున్నది నేనొక్కడినే, అయినా అండీ అన్నారంటే ఎంత కోపం వచ్చిందో చూడు.

అప్పుడే అవతల గట్టు మీద ఒకాయన కనబడి, చేతులు పైకీ కిందకీ ఊపుతూ అరవడం మొదలుపెట్టాడు. మన వైపు గట్టు మీద మనిషి అలా ఊపితే ఎత్తమని కదా. బావకి సర్వీసు గుర్తొచ్చింది. లుంగీ ఎగ్గట్టి ఆరు చుట్లు తిప్పేశారు. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. బావ ఇంకో ఆరు తిప్పారు. ఆయన ఊపింది ఆపమని.

నీళ్ళు పోయి ఫుల్మతి అనే ముసలావిడ ఆకుమడిలో పడ్డాయి. ఆవిడ రెండు రోజుల కిందట పొడి విత్తనం చల్లుకుంది. అది మొత్తం లేచి పక్క బోదెలో చేరింది. ఊరు ఊరంతా వచ్చింది. ఆవిడ మమ్మల్ని తిట్టిన తిట్లు అర్థం కాలేదు గానీ, తిట్టే తీరు మాత్రం అచ్చం మన మేనత్తే.

ముఖియా ముసలాయన తీర్పు చెప్పాడు. పాడుచేసినవాడే మళ్ళీ విత్తనం పోయాలి, మడి పచ్చబడేదాకా ఊళ్ళోనే ఉండాలి. ఊళ్ళో చల్లినట్టు చల్లితే మడి పచ్చబడడానికి పది రోజులు పైనే పడుతుందట. బావ గడ్డం గోక్కుని, చల్లిన మూడు రోజుల్లో చూపిస్తానండి అన్నారు. వచ్చిన నాలుగు హిందీ ముక్కల వెనక కూడా అండి తగిలిస్తారు కదా, ఆ ముసలాయన దాన్ని ఏదో పెద్ద ప్రమాణం అనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే విత్తనం పీపాలో నానబోశాం. నిన్న తీసి మొలకెత్తేలా గోనెల్లో మండె కట్టి, పైన గడ్డి కప్పి, బండరాళ్ళు పెట్టాం. ఇవాళ చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. ఊళ్ళో జనం గంటకొకరు వచ్చి గోనె తాకి పోతున్నారు. రేపు చల్లుతాం. ఇరవయ్యో తేదీకి పచ్చబడితే ఇరవై ఒకటిన బయలుదేరతాం. నెలాఖరుకి ముందే నీ గుమ్మంలో ఉంటాం. పన్నెండో తేదీ సంగతి బావకి చెప్పాను. "ఊఁ" అన్నారు.

తమ్ముడు
లోవరాజు


ధవళేశ్వరం
21-5-97

లోవరాజుకి,

నిన్న సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. మట్టి వాసన వచ్చింది, అంతే. నీ ఉత్తరం చదువుతుంటే బుల్లియ్య భార్య సూర్యకళ వచ్చింది. నేను నవ్వలేక కూర్చుండిపోతే ఒంట్లో బాగోలేదనుకుని మజ్జిగ తెచ్చింది. చదివి వినిపించాక తనూ కూర్చుండిపోయింది.

దారిన పోయేవాడు ఎవడో తిప్పేస్తాడని ముప్ఫై నాలుగేళ్ళు నన్ను కాపలా పెట్టిన మనిషి, తీరా చూస్తే ఆ దారిన పోయేవాడు ఆయనే. ఈ మాట ఆయనకి చెప్పు. నేను చెప్పానని చెప్పు.

నిన్న బుల్లియ్య వచ్చి హ్యాండిల్ అడిగాడు. మర బిగిసిందేమో చూసి గ్రీజు పెడతానన్నాడు. ఇవ్వలేదు. గ్రీజు డబ్బా ఇక్కడ పెట్టి వెళ్ళమన్నాను. నేనే వెళ్ళి పెట్టి వచ్చాను. గట్టు మీద వాళ్ళు చూస్తే చూశారు. నీళ్ళు పన్నెండునే అని ఖాయం చేశారు. సెక్షనాఫీసువాళ్ళు వచ్చి మన తలుపుకి కాగితం అంటించి వెళ్ళారు.

మండె బాగా వేడెక్కితే మొలక మాడిపోతుంది. రోజూ రెండు పూటలా నీళ్ళు చిలకరించారా? ఆకు ఎలా వచ్చిందో రాయి. ఫుల్మతిగారికి ఇక్కడ ఒకావిడ నమస్కారం చెప్పిందని చెప్పు.

దుర్గ


బేల్వా
26-5-97

దుర్గక్కకి,

ఇక్కడ గాలి దుమారం వచ్చి మామిడికాయలన్నీ రాలిపోయాయి. పొద్దున్నంతా ఏరుకున్నాం. మన ఆవకాయ ఎలా పెడతారో బావ చూపించారు. ఆవపిండి దొరికింది గానీ కారం చాల్లేదు. అయినా ముఖియా కోడలు మూడుసార్లు వేయించుకుంది. కళ్ళు తుడుచుకుంటూ వేయించుకుంది.

ఇంకా వదలలేదక్కా. ముఖియా చాలా గట్టి మనిషి. పచ్చబడితే చాలదు, ఇంకా చూడాలి అంటున్నాడు. తాళం మేకుకే ఉంది. ఏం చేస్తాం, పరాయి దేశం. గట్టిగా మాట్లాడితే ఏమవుతుందో అని ఊరుకున్నాం.

ఆకు మాత్రం అద్భుతంగా ఉంది. వేలెడు పొడుగొచ్చింది. గాలికి ఊగుతుంటే ఊళ్ళోవాళ్ళు గట్టు మీద కూర్చుని చూస్తున్నారు. ఫుల్మతిగారు ఇప్పుడు తిట్టడం లేదు. పొద్దున్నే బావకి పెరుగు తెచ్చి పెట్టి, ఆయన తినేదాకా నిలబడుతోంది. పిల్లలు ఆయన వెనక తిరుగుతూ, పానీ అండి, భాత్ అండి అంటున్నారు. ఒక పెద్దాయన తన గేదెని కూడా అండి అనే పిలుస్తున్నాడు. నిన్న నేనూ బావా కారులో బజారుకి వెళ్ళి కొత్త గోనెలు కొనుక్కొచ్చాం. దారిలో బావ పాట పాడారు. ఆయనకి పాట వచ్చని నీకు తెలుసా?

పన్నెండో తేదీకి చాలా రోజులుంది. నువ్వు దిగులు పెట్టుకోకు.

లోవరాజు


ధవళేశ్వరం
31-5-97

లోవరాజుకి,

ఎండ అలాగే ఉంది. పూడిక పని అయిపోయింది. తట్టలు, పారలు కడిగి లెక్క అప్పగించి వెళ్ళిపోయారు. కాలువ నీళ్ళ కోసం నోరు తెరుచుకుని ఉంది.

నేను ఆకుమడుల మధ్య పుట్టినదాన్ని. పదిహేడున చల్లిన మొలక ఇరవైకి పచ్చబడుతుంది. వేలెడు పొడుగు రావాలంటే ఇంకో వారం పట్టాలి. పచ్చబడేదాకా అన్నది తీర్పు. పచ్చబడి వారం అయిందని నీ ఉత్తరమే చెబుతోంది. తాళం మేకుకి ఉంటే కారులో బజారుకి ఎలా వెళ్ళారు? తోసుకుంటూ వెళ్ళారా? ఒక్క మడికి ఇన్ని కొత్త గోనెలు ఎందుకు?

అబద్ధం ఆడేవాడికి అదే కాగితం మీద నిజం రాయకూడదన్న తెలివి ఉండాలి. నీకు చిన్నప్పటి నుంచీ లేదు. మిమ్మల్ని ఎవరూ ఆపలేదు. మీ బావ రావడం లేదు.

ఇక్కడి నుంచి ఆయనకి. చదివి వినిపించు.

ఏవండీ, మీరు ఎందుకు రావడం లేదో నేను అడగను. పదకొండో తేదీ దీపాలు పెట్టేవేళకి మీరు గుమ్మంలో ఉండకపోతే, పన్నెండు పొద్దున్న గోనెసంచి విప్పి హ్యాండిల్ భుజాన వేసుకుని నేనే వెళతాను. బుల్లియ్యకి ఇవ్వను. నలభై చుట్లూ నేనే తిప్పుతాను. వచ్చినా సరే, కొన్ని చుట్లు నాకు వదలాలి. ముప్ఫై నాలుగేళ్ళు మంచం కింద పెట్టుకుని పడుకున్నాను. ఒక్కసారి కూడా తిప్పలేదు.

వెంకటదుర్గ


గోరఖ్‌పూర్, అబ్రహాము ఇల్లు
6-6-97

అక్కకి,

ఇవాళ మబ్బేసింది. కారు కడిగాను, ఇంజన్లో ఆయిలు మార్చాను. ఒక గంటలో బయలుదేరుతున్నాం. నిజమంతా రాసేస్తున్నాను. ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లదు.

ఇరవయ్యో తేదీ సాయంత్రమే ముఖియా తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. బావ భుజం తట్టాడు. మర్నాడు పొద్దున్న కారు స్టార్ట్ చేశాను. గుమ్మంలో పదకొండు కుటుంబాలవాళ్ళు విత్తనం మూటలతో కూర్చున్నారు. మాకూ మండె కట్టి పెట్టండి అని. బావ కారులోంచి దిగారు. మళ్ళీ ఎక్కలేదు. రోజుకొక సాకు. నన్ను అలా రాయమన్నది ఆయనే. ముఖియా గట్టి మనిషి అని రాస్తుంటే ఆ ముఖియా నా పక్కనే కూర్చుని మామిడిపండు కోసి పెడుతున్నాడు. నాకు సిగ్గేసింది. పండు మాత్రం తిన్నాను.

నిన్న నీ ఉత్తరం అందింది. బజారు నుంచి తిన్నగా ఆకుమడి దగ్గరకే వెళ్ళాను. గట్టు మీద చదివి వినిపించాను. బావ ఇంకోసారి చదవమన్నారు. తర్వాత ఆయనే తీసుకుని చదువుకున్నారు. అప్పుడు అడిగాను, ఎందుకు బావా ఇదంతా అని.

"పోయినేడు ఎత్తానే, అదే ఆఖరిది అనుకుంటే ఏ బాధా లేదురా. నాకు తెలియకుండానే అయిపోయింది. ఇప్పుడు వెళ్ళి ఎత్తితే తెలిసి ఎత్తాలి. ఆ మర్నాటి నుంచి నన్నెవడు పిలుస్తాడు? ఇక్కడ తెల్లారేసరికి గుమ్మంలో ఉంటున్నారు."

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుంటూ, ఏమో బావా, పన్నెండున అక్కే తిప్పుతుందట కదా అన్నాను. ఆయన రెండడుగులు వేసి ఆగిపోయారు. "దానికి ఎడమకి తిప్పాలని తెలుసా?" అన్నారు. నాకేం తెలుసన్నాను. "కుడికి తిప్పి మర కొట్టేస్తుందిరా. పద, పద" అన్నారు. అక్కా, ఆ వయసులో ఆయన పొలం గట్టు మీద పరుగెత్తడం చూశాను. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. ఇవాళ ఒక కాలికి ఆయన చెప్పు, రెండో కాలికి ముఖియా ఇచ్చినది.

బయలుదేరేటప్పుడు ఊరు కారు చుట్టూ చేరింది. బావ అందరినీ కాలువ దగ్గరకి తీసుకెళ్ళి, తూముకున్న హ్యాండిల్ ఊడదీసి, ముఖియా ఇంట్లో మా తాళం వేలాడిన మేకుకే తగిలించారు. ఇంట్లో ఉంచుకోవాలండి, దారిన పోయేవాళ్ళని నమ్మకూడదండి అన్నారు. ఎవరూ నవ్వలేదు. అందరూ తలలూపారు. నేను డిక్కీ సర్దుతున్నట్టు కారు వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాను.

ఫుల్మతిగారు నీకు ఒక చిన్న మూట ఇచ్చింది. విప్పొద్దంది. ఊడ్పులకి రమ్మంది. నిన్నే. ఆయన్ని కాదు.

లోవరాజు


ధవళేశ్వరం
14-6-97

లోవరాజుకి,

వానలు మొదలయ్యాయి. పొద్దున్న ఒక జల్లు, సాయంత్రం ఒక జల్లు. నిజమంతా రాశానన్న నీ ఉత్తరం మీరు వచ్చిన మూడో రోజున, అంటే ఇవాళ అందింది. మీ బావ చదివి, ఇదేంటి, వీడు అన్నీ రాసేశాడు అన్నారు.

పదకొండు సాయంత్రం ఆయన్ని గుమ్మంలో దింపి, తునిలో పెళ్ళివాళ్ళకి కారు ఒప్పుకున్నానని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయావు. కాబట్టి పన్నెండు సంగతి రాస్తున్నాను.

తెల్లవారకముందే లేచి హ్యాండిల్ బయటికి తీసి తుడిచారు. గ్రీజు ఎవరు పెట్టారన్నారు. నేనన్నాను. మర దగ్గరకి వెళ్ళి వేలితో తాకి చూసి వచ్చారు. బాగానే పెట్టావు, కాస్త ఎక్కువైంది అన్నారు. పెద్ద లాకుల దగ్గర మేళం, జనం అంతా అయ్యాక, నీళ్ళు మా తూము దాకా వచ్చేసరికి పదకొండు దాటింది. సూర్యకళ, నేను పసుపు కుంకుమ వేశాం. ఇరవై మంది దాకా రైతులు గట్టు మీద నిలబడ్డారు.

మీ బావ ముప్ఫై చుట్లు ఆగకుండా తిప్పారు. ఆగి హ్యాండిల్ నా వైపు జరిపారు. ఎడమకి, అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు గట్టు మీంచి చూసినదాన్ని, నాకు తెలియదా అన్నాను. బుల్లియ్య నవ్వాడు. మీ బావ వాడి వంక చూశారు. మళ్ళీ నవ్వలేదు.

నాలుగు తిప్పేసరికి భుజాలు పట్టేశాయి. అది అంత బరువుంటుందని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆరు తిప్పాను. మిగతా నాలుగూ ఇద్దరం చెరో చెయ్యి వేసి తిప్పాం. నీళ్ళు కింద నుంచి ఒక్కసారి తోసుకుని వచ్చాయి. ఎండు గడ్డి, కొబ్బరి డొక్కలు, ఎవరిదో చెప్పు, మా పసుపు కుంకుమ అన్నీ కలిసి కొట్టుకుపోయాయి. ఆ చెప్పు చూసి మీ బావకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం తూము మీద కూర్చుని నవ్వుతుంటే రైతులు ఏమనుకున్నారో తెలియదు.

ఇంటికొచ్చి ఆవకాయతో మూడుసార్లు అన్నం కలుపుకున్నారు.

ఫుల్మతిగారి మూట విప్పాను. గుప్పెడు వడ్లు ఉన్నాయి. నీళ్ళలో వేశాను. మొలక వస్తోంది.

దుర్గ


రాజమండ్రి స్టేషన్
4-7-97

లోవరాజుకి,

రాత్రి నుంచి ముసురు. పొద్దున్న లేచి ఇల్లు కడిగి, బియ్యం డబ్బాకి మూత బిగించి వచ్చాను. బండి రావడానికి ఇంకా పావుగంట ఉంది.

ఊడ్పులకి నీ కారులో వద్దనుకున్నాం. నీకు దారిలో తూములు తగులుతాయి. అబ్రహాముకి కార్డు రాశాను. గోరఖ్‌పూర్‌లో దిగితే సరిహద్దు దాకా వాడి రైల్లోనే తీసుకెళతాడు. ముఖియాగారి చెప్పు కాగితంలో చుట్టి సంచిలో పెట్టాను. ఆవకాయ జాడీ మీ బావ ఒళ్ళో ఉంది. కూలీకి ఇవ్వనన్నారు.

హ్యాండిల్ ముప్ఫయ్యో తేదీ సాయంత్రం అయిదింటికి బుల్లియ్యకి అప్పగించారు. ఇంటి తాళంచెవి సూర్యకళ దగ్గర ఉంది. మీ బావ, నేను ఈ శుక్రవారం పొద్దున్న ఆరు గంటల పది నిమిషాల బండికి బయలుదేరాం.

దుర్గ